వంకాయ ముక్కలు రావట్లేదు

మా ఆయన గున్నేశ్వర్రావు గారిది నాలుకతో చేసే ఉద్యోగం. కాకినాడలో ఆహార పరిశోధన కేంద్రంలో రుచి విభాగానికి ఆయనే పెద్ద. కొత్త వంగడం బియ్యమైనా, కొత్త రకం బెల్లమైనా ముందు ఆయన నాలుక మీద నుంచి వెళ్ళాకే బజారుకి వెళ్ళేది. ఒక్క మెతుకు నమిలి ఆ ధాన్యం పాతదా, కొత్తదా, ఎండలో ఎక్కువ ఆరిందా అన్నీ చెప్పేవారు. ఇంట్లో మాత్రం నేనేం వండిపెట్టినా "బాగుంది" అన్న ఒక్క మాటతో సరి. రిపోర్టులన్నీ జీతమిచ్చే వాళ్ళకే రాస్తారు కాబోలనుకుని ఊరుకునేదాన్ని.

అలాంటి నాలుక ఒక విషజ్వరంతో మొద్దుబారిపోయింది. జ్వరం తగ్గింది గానీ రుచి తిరిగి రాలేదు. నాడి నిద్రపోయిందనీ, అలవాటైన రుచులతో దాన్ని తట్టి లేపాలనీ, ఈ ఎండలు ముగిసేలోగా లేవకపోతే ఇక లేవదనీ డాక్టరు చెప్పాడు.

"రుచే తెలియని నాలుకకి రుచి ఎలా చూపిస్తామండీ?" అనడిగాను.

"అది తెలిస్తే నేనిక్కడ ఎందుకుంటానమ్మా" అన్నాడాయన.

కేంద్రం వాళ్ళు కూడా ఎండలు ముగిసేదాకానే ఆగుతామన్నారు. ఆ తర్వాత రుచి విభాగం నుంచి తీసి గోనెసంచుల గోడౌన్ చూసుకోమంటారట. గోడౌన్ సంగతి అలా ఉంచండి, అసలు మనిషే తినడం మానేశాడు. కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు ఇసక నమిలినట్టు నమిలి లేచిపోయేవారు. చొక్కాలు వదులైపోయాయి. నాకు నిజంగా భయం వేసింది.

ఆ భయంలోనే రసపట్టీ మా ఇంట్లోకి వచ్చింది. మా ఆయనా, ఆయన కింద పనిచేసే రమీజా అనే అమ్మాయీ కలిసి ల్యాబులో తయారుచేసిన వస్తువది. ఉల్లిపొర అంత పల్చగా ఉంటుంది. అంగిలికి అంటిస్తే అంటించుకున్న సంగతి కూడా గుర్తుండదు. తిన్నదాని రుచీ, వేడీ అది పట్టుకుని ఫోను ద్వారా కంప్యూటరుకి పంపితే అక్కడొక ఫైలుగా చేరుతుంది. ఆ ఫైలుని మళ్ళీ ఫోను ద్వారానే ఇంకొకరి అంగిలికున్న పట్టీలోకి పంపితే, వాళ్ళ నాలుక తానే తిన్నట్టు అనుకుంటుంది. ఒకరు తింటే ఇంకొకరికి రుచి తెలుస్తుందన్నమాట. ఇక కావలసింది తినిపెట్టే నాలుక ఒకటి.

"నా నాలుక పనికిరాదక్కా" అంది రమీజా. "సార్‌కి అలవాటైన చెయ్యి మీది. మీరు వండింది మీరే తినాలి."

అలా నా నాలుక ప్రయోగానికెక్కింది.

ఇక్కడే మా ఇంటి పాత తగాదా మళ్ళీ లేచింది. కంప్యూటర్ని నడిపించే సాఫ్ట్‌వేర్లలో మా ఆయన లినక్స్ భక్తుడు. ఆయన ల్యాప్‌టాప్‌లో అది తప్ప మరొకటి అడుగుపెట్టకూడదు. నాకు వీధి గదిలో శుభలేఖల డీటీపీ షాపుంది. పెళ్ళికూతురు పేరు చుట్టూ తీగలు తిరిగే నా అక్షరాలు విండోస్‌లో తప్ప తెరుచుకోవు. పెళ్ళయిన కొత్తలో నా కంప్యూటర్‌లో కూడా లినక్స్ ఎక్కిస్తానని వెంటపడి ఎక్కించారు. తెల్లారి ముహూర్తం పత్రిక తెరిస్తే వరుడి పేరు ఉండాల్సిన చోట డబ్బాలూ, వధువు పేరు ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తులూ కనబడ్డాయి. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మళ్ళీ ఆయన నా కంప్యూటర్ జోలికి రాలేదు.

ఇప్పుడు నా రుచులు విండోస్‌లో చేరతాయి, వాటిని అందుకోవాల్సిన మనిషి లినక్స్‌లో కూర్చున్నాడు.

"ఒక్కసారి ఆలోచించు హైమా. నీ దాంట్లో కూడా లినక్స్ పెట్టేస్తే..."

"గోడౌన్‌లో గోనెసంచులు మీకోసం ఎదురు చూస్తున్నాయండీ" అన్నాను.

"సరే, సరే. సాంబా పెడతాను" అన్నారు.

పడక్కుర్చీలో ఉన్న మా మావగారు చటుక్కున లేచి చెంపలేసుకున్నారు. "ఇన్నాళ్ళకి దేవుడు గుర్తొచ్చాడురా నీకు" అన్నారు. మావగారు ధవళేశ్వరం లాకుల మీద పనిచేసి రిటైరైన మనిషి. సాంబా అంటే లినక్సుకీ విండోస్‌కీ మధ్య ఫైళ్ళు అటూ ఇటూ ఇచ్చిపుచ్చుకునేట్టు చేసే సాఫ్ట్‌వేర్ అని ఆయనకి చెప్పడానికి మా అమ్మాయి ప్రణతికి చాలాసేపే పట్టింది. చివరికి ఆయన "అంటే లాకన్నమాట. ఈ కాలవ నీళ్ళు ఆ కాలవలోకి వదలడం" అని తేల్చేశారు. మా ఆయన కూడా అంత బాగా చెప్పలేదు.

ఆదివారమంతా ఆ లాకు కట్టడంతోనే సరిపోయింది. రెండు కంప్యూటర్లకీ ఒకటే గుంపు పేరు పెట్టాలట, పెట్టారు. నా కంప్యూటర్‌లో 'రుచి' అని ఒక ఫోల్డరు తెరిచారు. దాన్ని చూడాలంటే పాస్‌వర్డు కావాలన్నారు.

"ఇంట్లో మనిషే కదండీ చూసేది, పాస్‌వర్డు ఎందుకు?"

"కంప్యూటరుకి ఇంట్లో మనిషీ వీధిలో మనిషీ ఒకటే హైమా" అని, తర్వాత ఎవరు చదవచ్చు, ఎవరు రాయచ్చు అని అడిగిన చోట విసుగొచ్చి అన్నిటికీ సరే కొట్టేశారు. ఒక్క ఫోల్డరు తెరవాల్సింది పోయి డ్రైవంతా తెరిచారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

సోమవారం నేను పులుసు కాస్తూ ఉప్పు చూశాను. ఉప్పు తెలియలేదు. ఇంకాస్త వేసి చూశాను. ఊహూఁ, నోట్లో గోరువెచ్చటి నీళ్ళలా ఉంది. ఇంకా వేశాను. భోజనాల దగ్గర మావగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేశారు.

"అమ్మాయ్, ఉప్పాడ సముద్రం పట్టుకొచ్చి పోసేవా ఏంటి?"

విషయమేంటంటే, ఫైళ్ళు చదవడమే కాదు, రాసే అనుమతి కూడా అటూ ఇటూ ఇచ్చేశారు. నా రుచి ఆయన వైపు వెళ్ళాల్సింది పోయి, ఆయన నాలుకలోని శూన్యమంతా నా వైపు వచ్చి పడింది. ఆ పూట నాకు అన్నం, మందు, మంచినీళ్ళు అన్నీ ఒకటే అయిపోయాయి. అప్పుడర్థమైంది ఆయన రోజూ ఏం నములుతున్నారో. కోపం వచ్చింది గానీ తిట్టబుద్ధి కాలేదు.

"ఇదేనా మీకు రోజూ ఉండేది?" అన్నాను.

"ఇదే" అని తల వంచుకుని నా వైపు అనుమతి మార్చేశారు. ఇకనుంచి ఆయన చదవడమే తప్ప రాయడానికి వీల్లేదు.

గురువారం ఇంకో తమాషా. నేను గురువారాలు ఉపవాసం ఉంటానని మా ఇంట్లో అందరికీ తెలుసు. కార్డులు ప్రింటుకిచ్చి వస్తూ మెయిన్‌రోడ్డు బండి దగ్గర నిలబడి, పొట్ట చీల్చి ఉల్లిపాయ, నిమ్మరసం పెట్టిన మిరపకాయ బజ్జీ ఒకటి తింటాననే సంగతి మాత్రం ఆ బండివాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు కూడా తిన్నాను. ఆ వేళకి మా ఆయన కేంద్రంలో డైరెక్టరు ముందు కూర్చుని గోడౌన్‌కి ఎందుకు వెళ్ళకూడదో చెబుతున్నారట. ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఎదురుగా ఉన్న నీళ్ళ గ్లాసు గటగటా తాగేశారట. డైరెక్టరు ఆ కన్నీళ్ళు చూసి జాలిపడి, ఆ పూటకి గోడౌన్ మాట వదిలేశారట.

సాయంత్రం ఇంటికొచ్చి, "మిరపకాయ బజ్జీ. ఉల్లిపాయతో" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "భోజనం రుచి ఇస్తానన్నాను గానీ రోజంతా నా నోరు ఇస్తానన్నానా? నా నాలుకకి తలుపూ గడియా అక్కర్లేదా?"

తప్పు ఆయనదే. పాపం, ఒప్పుకున్నారు కూడా. 'రుచి' ఒక్కటి తప్ప మిగతా డ్రైవంతా మూసేశారు. రసపట్టీ బయటి రుచులు కూడా అందులోనే వేస్తుంది కాబట్టి, నాకిష్టం లేనప్పుడు ఆ ఫోల్డరు మీద నొక్కి షేరింగ్ ఆపేయడం నేర్పించారు. నేర్పించి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"గురువారం మాత్రం ఆపకు" అన్నారు నెమ్మదిగా.

ఇక అసలు కథ మర్నాడు రాత్రి భోజనాల దగ్గర మొదలైంది. ఆయన కళ్ళు మూసుకుని కంచం ముందు కూర్చున్నారు. పక్కన ల్యాప్‌టాప్. అటు మావగారు, ఇటు ప్రణతి. నేను గిన్నె పట్టుకుని వడ్డిస్తున్నాను. వంకాయ పులుసు, ఆయనకి ప్రాణం.

"ఏవీ రావట్లేదు" అన్నారు నముల్తూ.

"ఇంకో గరిటె వెయ్యనా?"

"పులుసు సంగతి కాదే, సిగ్నలు." అన్నం చేత్తోనే ల్యాప్‌టాప్ మీద టకటకా కొట్టారు. ఫోల్డరు కనిపిస్తోంది, తెరుచుకుంటోంది, లోపల ఖాళీ. ఫైర్‌వాల్ అడ్డుపడుతోందన్నారు. నా కంప్యూటరు దగ్గరికి పరిగెత్తారు. గుంపు పేరు తీసి మళ్ళీ పెట్టారు. రెండు కంప్యూటర్లూ ఆపి, మళ్ళీ వేశారు. ఈలోగా ప్రణతి రెండోసారి ముక్కలు వేసుకుంది, మావగారు మూడోసారి. మా ఆయన ఎప్పటిలాగే చప్పిడి ముద్దలు మింగి లేచారు.

నేను కంచాలు తీసి, పొయ్యి గట్టు తుడిచి, పాలు తోడుపెట్టి, వంటింట్లో పీట వేసుకుని గిన్నెలో మిగిలిన పులుసులో అన్నం కలుపుకున్నాను. హాల్లోంచి కేక వినిపించింది.

"వస్తోంది! హైమా, వస్తోంది!"

పరిగెత్తుకొచ్చారు. మొహం వెలిగిపోతోంది. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి.

"కానీ ఏంటిది, ఇంత ఆలస్యంగా వస్తోంది. చల్లగా వస్తోంది. పులుపు వస్తోంది, బెల్లం వస్తోంది. వంకాయ ముక్కలు రావట్లేదు."

"రావట్లేదా?" అన్నాను కంగారుగా. నాకూ తట్టలేదు. చేతిలో ముద్ద పట్టుకుని ఆయనతో పాటు నేనూ సాంబా గురించే ఆలోచిస్తున్నాను.

ఆ తర్వాత వారమంతా అదే వరుస. ఆయన తింటున్నప్పుడు ఏమీ రాదు. తిని, చెయ్యి కడుక్కుని, వార్తలు చూస్తుంటే వస్తుంది. చేప పులుసు నాడు తోక ముక్క మాత్రం వచ్చింది. కోడి కూర నాడు ఎముక చుట్టూ ఉండే మసాలా వచ్చింది, కండ రాలేదు. ఆయన దీనికొక సిద్ధాంతం కట్టారు. ఫైలు చిన్న చిన్న పొట్లాలుగా వెళ్తుందట. ముక్కలు బరువైన పొట్లాలు కాబట్టి విండోస్ నుంచి లినక్స్‌కి దాటేటప్పుడు దారిలో పడిపోతున్నాయట. లినక్స్ వాళ్ళ గుంపులో ఈ మాటే రాసి సాయమడిగారు. కేబులు మార్చమని ఒకరు, విండోస్ తీసి అవతల పారెయ్యమని తొమ్మండుగురు జవాబిచ్చారు. ఆయన కేబులు మార్చారు. నా షాపు గోడకి కొత్త కన్నం పడింది, ముక్కలు మాత్రం రాలేదు.

వచ్చిన ఆ కాస్త చల్లటి పులుసుతో నాడి లేవదు. వేడి వేడి రుచి, ఆయన నముల్తున్న ఆ క్షణానే తగలాలి. ఎండలు ముదిరిపోతున్నాయి. మామిడికాయలు పండ్లవుతున్నాయి. ఆయన మళ్ళీ మాట్లాడడం తగ్గించేశారు.

ఆదివారం రమీజాని పిలిచారు. ఆ అమ్మాయి మాతో పాటే భోజనానికి కూర్చుంది. తింటూ లాగ్ చూసింది. అంటే ఏ ఫైలు ఎప్పుడొచ్చిందో కంప్యూటరు రాసిపెట్టుకునే చిట్టా. దాన్ని చూసి, గిన్నె పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. మళ్ళీ లాగ్ చూసింది. చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా?" అన్నారు మావగారు.

"ఏం లేదు తాతగారూ, మా అమ్మ గుర్తొచ్చింది" అని మా ఆయన వైపు తిరిగింది. "సార్, లోపం దారిలో లేదు. పంపేవైపు చూడండి."

"నేను చెప్పలా!" అన్నారు మా ఆయన విజయగర్వంతో. "విండోస్ వైపే ఉంటుంది."

"వంటింటి వైపు సార్" అంది రమీజా.

అందరి భోజనాలయ్యాక నేను పీట వేసుకుంటుంటే ఆయన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి ఎదురుగా నేల మీద చతికిలబడ్డారు. పరీక్ష చేస్తున్నప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అదే మొహం. గిన్నెలోకి తొంగిచూశారు. అడుగున పులుసుంది, ఒక తొడిమ ఉంది. నేను అందులోనే అన్నం వేసి కలిపి ముద్ద పెట్టుకున్నాను. ఆయన తెర వైపు చూశారు.

"చల్లగా ఉంది" అన్నారు.

"చల్లారిపోయింది కదండీ."

రెండో ముద్ద. "ముక్క లేదు."

"ఎక్కణ్ణుంచి వస్తుందండీ, మీ నాన్నగారికి వేశాను, దానికి వేశాను, రమీజా వచ్చింది కదా..."

అక్కడాగిపోయాను. ఆయన తెర వైపు, గిన్నె వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. అప్పుడు తట్టింది నాకు, ఇన్నాళ్ళూ ఆయన కేబులు మారుస్తుంటే నేను టార్చి పట్టుకుని నిలబడ్డానని. ఎందుకో చెప్పలేనంత సిగ్గేసింది. దాచుకున్నదేమీ లేదు, మా అమ్మ తిన్నట్టే నేనూ తింటున్నాను. అయినా చీర చెరగు కప్పుకోవాలనిపించినంత సిగ్గు.

"డేటా సరిగ్గానే వస్తోంది హైమా" అన్నారు ఆయన.

నేను మాట మార్చాలని, గిన్నె అంచుకి అంటుకున్న పోపూ, మాడిన వెల్లుల్లీ గీకి, నాలుగు మెతుకులు, ఇంత నెయ్యి వేసి ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆయన ఉలిక్కిపడ్డారు. కళ్ళు మూతలు పడ్డాయి.

"ఇదేంటి? ఇన్నేళ్ళుగా మన ఇంట్లో ఇది ఉందా?"

"అది వండినవాళ్ళకండీ. అది మాత్రం అడక్కండి" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. నేను చూడనట్టే ఊరుకున్నాను.

మర్నాడు మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. "పంపేవాళ్ళు తింటేనే అందుకునేవాళ్ళకి అందుతుంది. కాబట్టి హైమ ముందు తినాలి. వేడిగా, ముక్కలతో. ఇది ప్రయోగ నియమం" అని ప్రకటించారు.

"మరి మేమో?" అన్నారు మావగారు.

"మీకు నాలుకుంది కదా నాన్నా, కాసేపాగండి."

నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రణతి వడ్డించింది. ముగ్గురూ చుట్టూ చేరి నా నోటి వంకే చూస్తున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా నేనంత ఇబ్బంది పడలేదు. పక్కన ఎవరికైనా ఏదైనా కావాలేమోనని చెయ్యి ఊరికే గరిటె వైపు వెళ్ళిపోతోంది.

"గరిటె ముట్టుకోకు! నెట్‌వర్కు తెగుతుంది" అని ఆయన కసిరారు. అది అబద్ధమని నాకు తెలుసు.

లేత వంకాయ ముక్క, పొగలు కక్కుతున్నది, నోట్లో పెట్టుకున్నాను. కరిగిపోయింది. నా వంట ఇంత బాగుంటుందని నాకే తెలియదు. అదే క్షణంలో ఎదురుగా కూర్చుని మొదటి ముద్ద నముల్తున్న ఆయన దవడ ఆగిపోయింది.

"ముక్క వచ్చింది" అన్నారు. "హైమా, ముక్క వచ్చింది!"

మావగారు "లాకు ఎత్తేశార్రోయ్" అని చప్పట్లు కొట్టారు. మా ఆయన ఆ పూట మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

అప్పట్నుంచి అదే అలవాటైపోయింది. నేను ముందు కూర్చోవడం, ఆయన నాతో పాటు నమలడం, మిగిలిన వాళ్ళు గొణుక్కుంటూ ఆగడం. ఆయన చొక్కాలు మళ్ళీ సరిపోయాయి. నాకు జాకెట్లు బిగుతయ్యాయి. రుచి గురించి ఎప్పుడూ "బాగుంది" దాటని మనిషి, "ఇవాళ చింతపండు కొత్తది కదూ, మెంతులు ఒక్క పిసరు ఎక్కువ వేగాయి" అని రిపోర్టు ఇవ్వడం మొదలుపెట్టారు. సంతోషించాలో, చెంబు విసరాలో తెలిసేది కాదు.

తొలకరి పడిన నాడు రమీజా ఫోను చేసింది. "అక్కా, స్వీట్లేవి? సార్‌కి రుచి వచ్చేసిందిగా! మొన్న పట్టీ లేకుండానే కొత్త బియ్యం రిపోర్టు రాసిచ్చేశారు. డైరెక్టరు గారు గోడౌన్ ఆర్డరు చింపేశారు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. గుండె మీంచి బస్తా దించినట్టయింది. ఆ వెనకే ఒళ్ళు మండింది కూడా. నిన్న రాత్రి కూడా కళ్ళు మూసుకుని "వస్తోంది, స్పష్టంగా వస్తోంది" అన్నాడే ఈ మనిషి! షాపులోకి వెళ్ళి కంప్యూటరు తెరిచాను. 'రుచి' ఫోల్డరు మీద షేరింగ్ గుర్తు లేదు. గురువారం బజ్జీకి బయల్దేరే ముందు, ఈసారికి నా నోరు నాకే ఉండనీ అని ఆపేశాను. తర్వాత పెళ్ళిళ్ళ ఆర్డర్ల హడావిడిలో మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. అంటే గురువారం నుంచీ ఆయన వైపుకి ఒక్క మెతుకు రుచి వెళ్ళలేదు. ఆయన రోజూ పొద్దున్నే పేపరుకన్నా ముందు లాగ్ చదివే మనిషి. ఆ సంగతి ఆయనకి శుక్రవారమే తెలిసి ఉంటుంది.

ఆ రాత్రి వంకాయ పులుసు కాశాను. కావాలనే ఉప్పు వెయ్యలేదు.

నేనే ముందు కూర్చున్నాను. మొహంలో ఏమీ తెలియనివ్వకుండా రెండు ముద్దలు తిన్నాను. ఎదురుగా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. దవడ ఆగింది. నా వైపు చూశారు. తర్వాత చాలా మామూలుగా, ఎవరూ చూడట్లేదన్నట్టు, ఆవకాయ జాడీ దగ్గరికి లాక్కున్నారు.

"వస్తోందాండీ?" అనడిగాను.

"ఆఁ, వస్తోంది. స్పష్టంగా."

"ఉప్పు?"

"సరిగ్గా సరిపోయింది" అన్నారు, ఆవకాయ కలుపుకుంటూ.

ఆకలికి ఆగలేక మావగారు అప్పటికే గిన్నెలో వేలు ముంచి నాకేశారు. "సరిపోవడమేంట్రా నీ మొహం! ఇందులో ఉప్పే లేదు. నీ నాలుక ఇంకా లేవలేదురా అబ్బాయ్" అన్నారు దిగులుగా.

ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. షేరింగ్ ఆగిందని ఆయన అనలేదు, ఆపింది నేనేనని నేనూ అనలేదు. ఉప్పు డబ్బా తెద్దామని నేను లేవబోయాను.

"నువ్వు కూర్చో" అన్నారు మా ఆయన, తానే వంటింట్లోకి వెళ్తూ. "ఇంకా లేవలేదు నాన్నా. చాలా రోజులు పట్టేట్టుంది. రేపూ హైమే ముందు తినాలి."